హాజరు పుస్తకంలో మొదటి పేరు

నీటికి హద్దు గీసిన దేవునికి స్తోత్రం. మనుషులు మరిచిపోయిన పేర్లను కూడా మరవని తండ్రికి స్తోత్రం. అరవై ఒకటో ఏట, మోకాళ్ళ నొప్పులతో ఒంటరిగా బయలుదేరిన నన్ను నాలుగు రోజులు నడిపించి, చేతిసంచీతో సహా భద్రంగా ఇల్లు చేర్చినందుకు ముందుగా ఆయనకే మహిమ. కళ్ళద్దాలు మాత్రం పోయాయి. ఆ సంగతి దాని చోట చెబుతాను.

నేను నంద్యాల దగ్గర ఒక పల్లెలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఆదివారాలు మా సంఘంలో స్త్రీలకు వాక్యం చెబుతాను. కృష్ణా డెల్టా వైపు ఎన్నడూ పోలేదు. ఇప్పుడు పోవడానికి కారణం సుగుణమ్మ అక్క రాసిన ఉత్తరం. ఆమెది అవనిగడ్డ దాటాక సముద్రం వైపు ఉన్న చిన్న ఊరు. స్త్రీల మహాసభల్లో నాలుగైదుసార్లు ఒకే గదిలో పడుకున్నాం. అంతే పరిచయం, కానీ గట్టి పరిచయం.

"చెల్లీ, మా స్త్రీల సమాజం హాజరు పుస్తకంలో మొదటి పేరు యెగోరు అని నీకు తెలుసుగా. కొత్త పాస్టరు గారు పుస్తకం తిరగరాయిస్తున్నారు. ఈ యెగోరు ఎవరు, బాప్తిస్మం ఎప్పుడు, అసలు అలాంటి మనిషి ఉన్నాడా అని అడుగుతున్నారు. వచ్చే ఆదివారం కమిటీ. కాగితం చూపించకపోతే కొట్టేస్తారంట. విజయవాడ భవానీపురంలో సుబ్బారావు గారని ఉన్నారు, ఆయన దగ్గర రాత ఉంది. నాకు నడుం లేవట్లేదు. నువ్వెళ్ళి పట్టుకురా."

తెలియనివారికి కొంచెం వివరం. మా సమాజాల్లో హాజరు పిలిచినప్పుడు 'వచ్చాను' అనరు. ఒక్కొక్కరూ లేచి బైబిల్లోంచి ఒక వాక్యం చెబుతారు. సుగుణమ్మ అక్క సంఘంలో మాత్రం అందరికన్నా ముందు 'యెగోరు' అని పిలుస్తారు. జాబితాలో రెండో పేరు అక్కది. ఆమే లేచి, "తన చోట నిలబడే చనిపోయాడు" అని జవాబు చెబుతుంది. తర్వాత తన పేరు, తన వాక్యం. ఇదేమిటని ఒకసారి మహాసభలో అడిగితే వాళ్ళ ఊరి పడుచు పిల్లలు చెప్పారు: ఆయన రష్యా సిపాయి అట, వరదలో జనాన్ని ఒడ్డుకు చేర్చి తాను కొట్టుకుపోయాడట. అక్క అప్పుడు ఏమీ అనలేదు, జడ అల్లుకుంటూ కూర్చుంది.

రష్యా సిపాయి డెల్టాలో స్త్రీల సమాజానికి సభ్యుడెలా అయ్యాడు? అక్క పని సరే, ఈ ప్రశ్న కూడా నన్ను బస్సెక్కించిందని ఒప్పుకుంటాను.

భవానీపురం

గురువారం పొద్దున విజయవాడలో దిగగానే మొదట నా చెవిన పడింది 'అండి'. "ఎక్కండి, భవానీపురం నూట యాభై అండి, తగ్గదండి" అన్నాడు ఆటో ఆయన. బేరమాడితే, "మీలాంటి పెద్దవాళ్ళు అలాగంటే ఎలాగండి" అని నొచ్చుకుంటూనే నూట ఇరవైకి వచ్చాడు. మా వైపు ఎవరైనా ఇంత మర్యాదగా మాట్లాడితే పెళ్ళి సంబంధం తెచ్చారనుకుంటాం. ఉగ్గాని, బజ్జీ అలవాటైన నోటికి ఇక్కడి ఇడ్లీ నచ్చింది. దాని మీద కారప్పొడి చల్లి, నెయ్యి ఒంపుతారు. ప్లేటు నలభై. రెండోది అడగడానికి సిగ్గుపడి, ఆ సిగ్గును జయించాను.

సుబ్బారావు గారిది కృష్ణ ఒడ్డుకు దగ్గర్లో రెండో అంతస్తు. థర్మల్ స్టేషన్‌లో ఇంజనీరుగా రిటైరయ్యారు. సన్నగా, నిటారుగా ఉంటారు. నేను వచ్చిన పని చెప్పగానే లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చారు.

"ఆ రష్యా పటాలం గురించి అడగడానికి మనిషి రావడం పదకొండేళ్ళలో ఇదే మొదలండి" అన్నారు.

"ఆ పదకొండేళ్ళ కిందట వచ్చినాయన కరెంటు మీటరు చూడ్డానికి వచ్చాడండి" అంది ఆయన భార్య సీతామహాలక్ష్మి గారు, మంచినీళ్ళు ఇస్తూ. "పాపం, కూర్చోబెట్టి రెండు యుద్ధాలు చెప్పారు. మళ్ళీ ఆ మనిషి మా మెట్లెక్కలేదు. నెల నెలా కింద నుంచే రీడింగు చెప్పమనేవాడు."

"అతనికి ఆసక్తి ఉందే."

"భయమండీ అది. నాకు పెళ్ళయి నలభై ఆరేళ్ళు. ఈయన కాపురం చేసింది నాతో సగం, ఆ పటాలంతో సగం."

సుబ్బారావు గారు కుర్రతనంలో చదువుకోవడానికి రష్యా వెళ్ళారు. వాళ్ళ హాస్టల్ తలుపు దగ్గర ఒక ముసలామె కాపలా కూర్చునేదట. ఆమె తండ్రి చక్రవర్తుల కాలంలో ఒక కాల్బలం పటాలంలో సిపాయి. ఆ పటాలం చరిత్ర పుస్తకం ఆమె దగ్గర ఉండేది, అట్ట లేకుండా. అట్ట మీద చక్రవర్తి ముద్రయిన గద్ద బొమ్మ ఉండడంతో, విప్లవం తర్వాత ఇంట్లో దొరికితే ప్రమాదమని చింపేసి, లోపలి కాగితాలు పిండిడబ్బాలో దాచింది. చదువు ముగించి వచ్చేస్తుంటే అవి ఈయన చేతిలో పెట్టింది. ఇంటికి తెచ్చి, డ్యూటీ లేని పూటల్లో కొంచెం కొంచెంగా తెలుగులోకి రాసుకున్నారు. పద్నాలుగు పొడవాటి నోటుబుక్కులయ్యాయి.

ఆ మధ్యాహ్నం నేను విన్నది మీకు కాస్తయినా చెప్పాలి. పటాలం పేరులో ముందు ఒక అంకె, తర్వాత ఒక ఊరి పేరు. సిపాయిల్లో చాలామంది ఆ ఊరు చూసి కూడా ఎరగరు. పాత రోజుల్లో కొలువంటే పాతికేళ్ళు. ఊళ్ళోంచి రంగరూటును, అంటే కొత్తగా చేర్చుకున్న కుర్రాణ్ణి, తీసుకుపోతుంటే ఇంటి ఆడవాళ్ళు శవం మీద ఏడ్చినట్టు ఏడ్చేవారట, తిరిగొస్తాడన్న ఆశ ఉండదు గనుక. సిపాయిలు పదిమంది చొప్పున ఒకే కుండలో వండుకునేవారు. ఏడాదికోసారి పటాలం పండుగ. పాదిరి గారు మంత్రించిన నీళ్ళు చల్లుతారు. పెద్ద అధికారి వచ్చి సిపాయి చెంచాతో సిపాయి గంజి రుచి చూశాకే మిగతావారు తింటారు. మా సంఘంలో ప్రేమవిందు నాడు పాస్టరు గారు అందరికన్నా చివర తింటారని చెప్పాను. సుబ్బారావు గారు కాసేపు ఆలోచించి, "అదీ మంచి పద్ధతేనండి. కానీ ముందు తింటే ఉప్పు తక్కువైతే తెలుస్తుంది" అన్నారు.

ఇక అసలు విషయం. ఆ పటాలం మొదటి దళంలో ప్రతి సాయంత్రం హాజరు పిలుస్తారు. మొదటి పేరు ఎప్పుడో చనిపోయిన ఒక మామూలు సిపాయిది. అదే యెగోరు. పేరు పిలిచి ఆగుతారు. పక్క సిపాయి, సుగుణమ్మ అక్కలాగే, జవాబు చెబుతాడు. తరాలు మారినా ఆ పేరు కొట్టెయ్యలేదు.

"రాజ్యం పోయాక పటాలాన్ని రద్దు చేశారండి" అన్నారు సుబ్బారావు గారు. "జెండా ఏమైందో ఎవరికీ తెలీదు. ఆఖరి సాయంత్రం మిగిలిన పది ఇరవై మందినీ నిలబెట్టి హాజరు పిలిచారట. ఆ ముసలామెకి వాళ్ళ నాన్న చెప్పింది ఇది, పుస్తకంలో లేదు. ముందు యెగోరు పేరు పిలిచారు. జవాబు చెప్పాల్సినవాడు అంతకు ముందే ఇంటికి పారిపోయాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచారు. అప్పుడు వంటవాడు గరిటె పట్టుకునే వచ్చి వరసలో నిలబడి జవాబు చెప్పాడట."

"ఇంతకీ యెగోరు ఏం చేశాడండీ?"

"అది నేను నోటితో చెప్పనండి. మీ కమిటీ కాగితం అడిగింది కదా, కాగితమే మాట్లాడాలి. ఏడో నోటుబుక్కులో ఉంది."

"అయితే అది ఇవ్వండి."

ఆయన బీరువా వైపు చూసి తల గోక్కున్నారు. సీతామహాలక్ష్మి గారు నవ్వేసింది. "అది కొండపల్లిలో ఉందండి. రాసింది చాలక పటాలాన్ని బొమ్మలు కూడా చేయించబోయారు."

వెళ్ళే ముందు సుగుణమ్మ అక్క ఊరి సంగతి అడిగాను. డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చినప్పుడు ఆయన అప్పుడే చదువు ముగించి వచ్చారు. స్నేహితులతో బియ్యం, బట్టలు పట్టుకుని ఆ ఊరు వెళ్ళారు. ఒక మధ్యాహ్నం అక్కడి ఆడవాళ్ళకు ఈ హాజరు కథ చెప్పారు. "ఎందుకు చెప్పానో గుర్తులేదండి. ఏం మాట్లాడాలో తెలియక చెప్పుంటాను" అన్నారు. వాళ్ళు ఆ పేరు ఇన్నేళ్ళుగా పిలుస్తూనే ఉన్నారని ఆయనకు తెలియదు. నేను చెప్పాకే తెలిసింది. ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళారు. సీతామహాలక్ష్మి గారు కూడా ఆ తర్వాత హాస్యమాడలేదు.

కొండపల్లి

శుక్రవారం సిటీ బస్సులో కొండపల్లి. బొమ్మల వీధిలో ప్రతి అరుగు మీదా కొయ్య ముక్కలు, పొట్టు. బొమ్మలు చేసే రాజుగారు నా వయసాయనే. తెల్లపొణికి కొయ్యను నా చేతిలో పెట్టి, "బరువు చూడండి, అప్పడంలా లేదూ" అన్నారు. ఆ కొయ్యను సెగకు ఆరబెట్టి, చేతులు, కాళ్ళు విడిగా చెక్కి, చింతగింజల గుజ్జులో రంపపు పొట్టు కలిపి అతికిస్తారు. ఆ ముద్దతోనే ముక్కులు, మూతులు దిద్దుతారు. దేవుడు మట్టితో చేసిన పనికి ఇది ఎంత దగ్గరో అనుకుంటూ నోరు తెరుచుకుని చూశాను.

సుబ్బారావు గారి పేరు చెప్పగానే రాజుగారు తలకొట్టుకుని, అటక మీంచి ఒక పలక దించారు. పలక మీద పదకొండు మంది సిపాయిలు, ఆకుపచ్చ కోట్లు, నల్ల బూట్లు, చేతుల్లో తుపాకులు. మీసాలు అందరికీ ఒక్కలాగే. ప్రతివాడి నుదుటి మీదా ఎర్రగా, గుండ్రంగా బొట్టు!

"చెయ్యి ఆగలేదండి" అన్నారు రాజుగారు. "ఊహ తెలిసినకాడ్నించి మొహాలు రాస్తున్నా. కళ్ళు పెట్టాక బొట్టు పెట్టకపోతే బొమ్మ పూర్తయినట్టే ఉండదు. ఆయనొచ్చి చూసి, నా పటాలానికి బొట్లు పెడతావా అని కేకలేసి వెళ్ళిపోయారు. చెరిపేస్తానన్నా వినలా."

"ఆయన కేకలేస్తే నువ్వేమన్నావో కూడా చెప్పు" అంది లోపలి నుంచి వాళ్ళ ఆవిడ సావిత్రి.

"ఏమన్నాను? చలిదేశంలో ఒంటరిగా చచ్చినోళ్ళు కదా, ఒక బొట్టు పెడితే పోయిందేముందీ అన్నాను."

నేను బొట్టు పెట్టని సంఘంలో పుట్టాను. అయినా కళ్ళద్దాలు పెట్టుకుని ఆ బొట్లను దగ్గరగా చూశాను. ఇంతలో పలక మీద ఇంకొకటి కనిపించింది. బొమ్మలు నిలబెట్టడానికి పన్నెండు బెజ్జాలున్నాయి. వరస మొదట్లోని బెజ్జం ఖాళీ.

"ఇందులో బొమ్మ పోయిందా?"

"లేదండి, ఆయనే చెయ్యొద్దన్నారు. ఆ చోటు మనిషిదేనంట, కానీ మనిషి ఉండకూడదంట. నాకర్థం కాలా. బెజ్జం మాత్రం పెట్టమన్నారని పెట్టా."

నోటుబుక్కు కోసం సాయంత్రం దాకా వెతికారు. ఆఖరికి రంగు చిప్పల కింద దొరికింది. అట్ట నిండా పసుపు, నీలం మరకలు. లోపల అక్షరం చెడలేదు. సావిత్రి పెట్టిన అన్నం, దోసకాయ పప్పు తిని, మనవళ్ళకు ఎడ్లబండి బొమ్మ మూడు వందల యాభైకి కొని, ఆఖరి నిమిషంలో బస్సందుకున్నాను. విజయవాడలో బసకు చేరి నోటుబుక్కు తెరవబోతే సంచీలో కళ్ళద్దాలు లేవు. బొమ్మలు దగ్గరగా చూడ్డానికి పెట్టుకుని, తర్వాత తీసి ఆ పొట్టులోనే ఎక్కడో వదిలేశాను. చేతిలో కాగితం ఉంది, చదివే కన్ను లేదు.

అవనిగడ్డ బస్సు

శనివారం. ఉయ్యూరు దాటేసరికి రెండు వైపులా వరి, చెరకు, వాటి పక్కనే కాలువ. మా వైపు నీళ్ళ కోసం కిందికి తవ్వుతాం. ఇక్కడ నీళ్ళు మనతోపాటు ప్రయాణం చేస్తాయి. పక్క సీటులో పంచె కట్టుకున్న పెద్దాయన, కోటేశ్వరరావు గారు, చల్లపల్లి రైతు. నోటుబుక్కును కళ్ళకు దూరంగా, దగ్గరగా పెట్టి అవస్థ పడుతుంటే చూసి, "ఇలా ఇవ్వమ్మా, నే చదువుతా" అన్నారు. ఆయన గొంతు మైకు అక్కర్లేని గొంతు. రెండు పేజీలు తిరిగేసరికి బస్సంతా వింటోంది.

అందులో ఉన్నది ఇది: నల్లసముద్రం ఒడ్డున మట్టికోట. ఆ నేల కొండజాతివాళ్ళది. చక్రవర్తి తన పటాలాన్ని తెచ్చి అక్కడ కాపలా పెట్టాడు. తూటాల కన్నా జ్వరాలు, పుచ్చిన పిండి ఎక్కువమందిని తిన్నాయి. ఒక ఏడు కొండల్లో పంటలు పోయి, ఆకలితో కొండవాళ్ళు కోట మీద పడ్డారు. గోడలు కూలిపోతుంటే, మందుగుండు గదికి నిప్పు పెట్టడానికి ఎవరైనా ఉన్నారా అని అధికారి అడిగాడు. యెగోరు ముందుకొచ్చాడు. ఉతికి పెట్టుకున్న చొక్కా పక్కవాడికిచ్చి, "నన్ను గుర్తుంచుకోండి" అని వెళ్ళాడు. మందుగుండు పేలి, కోటలోకి వచ్చినవాళ్ళంతా పోయారు. కోటలో కదల్లేక పడి ఉన్న సొంత పటాలం గాయాలవాళ్ళూ పోయారు.

కోటేశ్వరరావు గారు ఆగారు. "తనోళ్ళు కూడానా?" అని ఆ వాక్యం మళ్ళీ చదివారు.

వరద లేదు. ఒడ్డుకు చేర్చిన జనం లేరు.

"ఇంతకీ ఆ కొండోళ్ళు చేసిన తప్పేంటి?" అంది వంకాయల బుట్టతో కూర్చున్న ఒకామె. "ఆళ్ళ పొలంలోకొచ్చి కోట కట్టింది వీళ్ళు."

"తప్పు రాజుదమ్మా. సిపాయి ఏం చేస్తాడు?" అన్నారు కోటేశ్వరరావు గారు.

"నిప్పెట్టింది రాజు కాదుగా బాబాయ్."

"మరి అధికారి అడిగితే..."

"ఎవరైనా ఉన్నారా అన్నాడు. నువ్వెళ్ళు అన్లేదు. ఈయనే ఎగేసుకెళ్ళాడు."

"చల్లపల్లి! చల్లపల్లి!" అని కండక్టరు అరిచి, "పెద్దాయనా, యుద్ధం అయ్యాక దిగుతారా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. కోటేశ్వరరావు గారు దిగలేదు. మోపిదేవి దాకా టికెట్టు తీసుకుని, హాజరు పిలిచే పేజీ కూడా చదివి, అక్కడ దిగి వెనక్కి వెళ్ళే బస్సు కోసం నిలబడ్డారు. కిటికీలోంచి, "ఆ పేరు ఉంచుతారో తీసేస్తారో నాకు తెలిసే దారేదమ్మా?" అని అడిగారు. ఇది అచ్చయి ఆయన చేతికి వస్తే తెలుస్తుంది.

శత్రువుల మీద గుడి స్తంభాలు పడదోసి తానూ చచ్చిన బలవంతుడి కథ వాక్యంలో ఉంది. దాన్ని నేను ఏటేటా స్త్రీలకు చెబుతాను. చెప్పినప్పుడల్లా ఆ గుడిలో చచ్చినవాళ్ళ మీదుగా గబగబా దాటిపోతాను. ఈసారి దాటలేకపోయాను. యెగోరు పేరు నిలబెట్టమని అక్క పంపింది. నా సంచీలో ఉన్న కాగితమే ఆ పేరును కొట్టేసేలా ఉంది.

సుగుణమ్మ అక్క ఇల్లు

అక్క మంచం మీంచే కేకేసింది. "వచ్చావా చెల్లీ! రా, ముందు తిను. యెగోరు ఎక్కడికీ పోడులే." రొయ్యలు, వంకాయ కూర, మజ్జిగ పులుసు. ఆ ఇంటి బోరు నీళ్ళు ఉప్పన, తాగే నీళ్ళు వేరే బిందెలో. పొరపాటున బోరు నీళ్ళు గుక్కెడు మింగి నేను దగ్గుతుంటే అక్క పడీపడీ నవ్వింది.

తిన్నాక చెప్పాను, దాచకుండా. ఆయన ఎవరినీ కాపాడలేదు. నిప్పు పెట్టాడు. తనవాళ్ళు కూడా చచ్చారు.

"తెలుసుగా" అంది అక్క.

"తెలుసా?"

"ఆ సుబ్బారావు గారు ఆ రోజే మొత్తం చెప్పారు. వరద కథ తర్వాత పుట్టిన పిల్లలు అల్లుకున్నారు. నేనెందుకు కాదన్లేదంటే, కాదంటే మరి ఆయన పేరెందుకు పెట్టారని అడుగుతారని."

"ఎందుకు పెట్టారక్కా?"

ఆమె మంచం పట్టీ మీద గోటితో గీస్తూ చెప్పింది. ఉప్పెన తర్వాత మొదటిసారి సమాజం కూడినప్పుడు హాజరు పుస్తకం తెరిచారట. సగం పేర్లకు మనుషులు లేరు. కొట్టెయ్యాలి. కలం పట్టుకున్నామె చెయ్యి కదల్లేదు. అప్పుడు ఎవరో సుబ్బారావు గారు చెప్పిన మాట గుర్తు చేశారు: ఒక్క పేరు ఉంచుదాం, అందరి బదులూ. ఎవరి పేరు? మా అత్తది అని ఒకరు, మా అమ్మది అని ఒకరు. అక్క తన పెద్దక్క రత్నమ్మ పేరు చెప్పింది. శవం కూడా దొరకలేదు, పేరు చెక్కడానికి గోరీ లేదు. ప్రతి ఇంటికీ ఒక పేరుంది. బతికి మిగిలినవాళ్ళూ ఆ పూట తిట్టుకుని విడిపోబోయారు.

"అప్పుడు నేనే అన్నా చెల్లీ. ఆ రష్యా ఆయన పేరే పెడదాం అని. ఆయన మంచోడని కాదు పెట్టుకుంది. మనోడు కాదని."

నీటికి హద్దు గీసిన దేవుడని నేను ప్రతి ప్రార్థనలో అంటాను. ఆ ఇంట్లో కూర్చుని అదే మాట నెమ్మదిగా అన్నాను. అక్క కళ్ళు మూసుకుని, "హద్దు దాటిన రోజు కూడా ఆయనదే" అంది. ఇన్నేళ్ళు వాక్యం చెప్పిన నాకు ఆ మాట అనే ధైర్యం ఇప్పటికీ లేదు.

"రేపు కమిటీలో ఉన్నదున్నట్టు చదువు" అంది మళ్ళీ. "అబద్ధం మీద నిలబెట్టిన పేరు నాకక్కర్లేదు."

ఆదివారం

ఆరాధన తర్వాత కమిటీ కోసం స్త్రీల సమాజం చాపల మీద కూర్చుంది. అక్కను కుర్చీతో సహా ఇద్దరు మోసుకొచ్చారు. పాస్టరు గారు ముప్పై దాటని మనిషి. నెమ్మదస్తుడు, వాక్యం బాగా ఎరిగినవాడు. నాకు తన కళ్ళద్దాలు ఇచ్చారు. ఆశ్చర్యం, సరిపోయాయి. నోటుబుక్కులో ఉన్నదంతా చదివాను. పడుచు పిల్లల మొహాలు వాడిపోయాయి. ఆ తర్వాత అక్క, నాతో చెప్పిందంతా వాళ్ళతో చెప్పింది. అది చాలామంది మొదటిసారి విన్నారు.

పాస్టరు గారు వచ్చి అక్క కుర్చీ ఎదురుగా చాప మీద కూర్చున్నారు.

"అమ్మా, నన్ను తప్పుగా అనుకోకండి" అన్నారు. "చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించడం మన బోధ కాదండి. మన సంఘంలో చేరని మనిషిని సభ్యుల పుస్తకంలో నేను రాయలేను. దేవుని ముందు సంతకం పెట్టేది నేను."

"సరే బాబూ" అంది అక్క.

"కానీ ఆ మొదటి గీత మీద ఇంకొకరి పేరు రాయమని కూడా చెప్పలేను. ఒకటో నంబరు ఖాళీగా ఉంచండి. రెండు నుంచి మొదలుపెట్టండి."

నాకు కొండపల్లి పలక కళ్ళ ముందు మెదిలింది. కార్యదర్శి కరుణ కొత్త పుస్తకం తెరిచింది. అలవాటు చొప్పున, "ఒకటి" అంది. తర్వాత ఏం చదవాలో తెలియక ఆగిపోయింది.

అప్పుడు వెనక చాప మీంచి ఒక ముసలామె, లేవకుండానే, "బుల్లెమ్మ" అంది.

"మా నాన్న ఏసుపాదం" అంది ఇంకొకామె.

"మా అత్త శాంతమ్మ."

"చంటోడు. పేరింకా పెట్టలేదు."

ఒక్కొక్కటీ, మధ్యమధ్య ఆగుతూ. ఇన్నేళ్ళూ ఆ పరాయి పేరు వెనక నిలబడి ఉన్న పేర్లు ముందుకొచ్చాయి. కరుణ కలం రాయలేదు, రాయమని ఎవరూ అనలేదు. పాస్టరు గారు ఎప్పుడు లేచారో, నిలబడి ఉన్నారు. ఇది ప్రార్థన కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఎవరి కోసం ఏమీ అడగలేదు. ఉన్నారని చెప్పారు, అంతే.

అందరి వంతూ అయ్యాక అక్క కుర్చీ చేతులు పట్టుకుని, నడుం నొప్పితోనే, సగం లేచింది.

"యెగోరు" అంది.

ఇంటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను. "రత్నమ్మక్క పేరు చెప్పలేదేమక్కా?"

"అక్కకి నేనున్నాగా" అంది. "ఆయనకెవరున్నారు?"

నేను ఊరు చేరిన వారానికి కొండపల్లి నుంచి పార్సిల్ వచ్చింది. రంపపు పొట్టులో చుట్టిన నా కళ్ళద్దాలు. వాటితోనే ఇది రాస్తున్నాను.

చదివిన మీరు, ఉన్నచోటనే, నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి. తండ్రీ, ఆ ఊరి సంఘాన్ని, ఆ చిన్నవయసు కాపరిని దీవించు. సుగుణమ్మ అక్క నడుముకు బలమివ్వు. ఈ రోజుకీ ఎవరో ఒక రాజు మాట మీద పరాయి నేలలో వరసలు కట్టి నిలబడ్డ సిపాయిలను, వాళ్ళు ఎవరి నేల మీద నిలబడ్డారో వాళ్ళను కూడా, ఇళ్ళకు చేర్చు. మేము లెక్కలోంచి తీసేసినవారిని నీవు పేరు పెట్టి పిలుస్తావని నమ్ముతున్నాం. ఇక్కడ కొంచెం ఆగండి. మీకు ఎవరు గుర్తొస్తే వారి పేరు పైకే అనండి. తర్వాత ఇద్దరం కలిసి ఆమేన్ అందాం.